బాలల చట్టములు : పేర్ల పరిణామము

సంఘము తన బిడ్డలకు శాసనములందు పెట్టిన పేర్లను బట్టి, ఆ సంఘము వారిని చూచిన చూపును గుర్తింపవచ్చును. తెలుగునాట బాలలకు సంబంధించిన చట్టములను ఈ దృష్టితో పరిశీలించుట మా ఉద్దేశము.

హైదరాబాదు నగరమునకు తూర్పున మూసారాంబాగ్ కలదు. నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండును (1755–1798) జనులు మూసారామ్ అని పిలిచిరి. ఆ పిలుపే ఈ పేటకు పేరైనది. జనుల నోటి వాడుక ఒక పరదేశిని తనవానిగా జేసికొన్నది. ఈ పేటకు పొరుగున, సైదాబాదునందు, ప్రభుత్వ బాలుర గృహము కలదు. అట్టి గృహములలోని బాలుని యెడల మాత్రము వాడుక ఇంత ఆదరము చూపలేదు. అతడు 'బాలనేరస్థుడు', కాదేని 'అనాథ'.

మద్రాసు రాజధానియందు 1920లోను, హైదరాబాదు రాష్ట్రమున 1951లోను బాలల చట్టములు వెలువడినవి. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిదపను రెండు ప్రాంతములకు రెండు చట్టములు నిలిచినవి. ఒకే రాష్ట్రపు బిడ్డలైనను, విజయవాడ వీధిలో దొరికినవాడొక చట్టమునకును, హైదరాబాదు వీధిలో దొరికినవాడు వేరొక చట్టమునకును లోబడిరి. 1986 నాటి బాలన్యాయ చట్టము 1987 అక్టోబరు 2న అమలులోనికి వచ్చి ఈ భేదమును తొలగించినది. బాలురకు 16, బాలికలకు 18 ఏండ్లు వయఃపరిమితి. అందు బాలలు ఉపేక్షితులనియు, అపరాధులనియు రెండు తెగలైరి.

'ఉపేక్షితుడు' అనుట కర్మార్థకము. కర్మ ఉన్నచోట కర్త యుండవలెను. ఉపేక్షించినదెవరు? ఆ నింద సులభముగా తల్లిదండ్రులపై బడినది. దారిద్ర్యము కర్తగా లెక్కకు రాలేదు.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశము 1992లో చేరినది. 2000 నాటి చట్టము బాలబాలికలిరువురకును 18 ఏండ్ల పరిమితినే విధించి, 'సంరక్షణ అవసరమైన బాలలు', 'చట్టముతో ఘర్షణపడిన బాలలు' అను పేర్లను తెచ్చినది. 2015 నాటి చట్టము, బాలల విషయమున నిందావాచకములు వాడరాదని ఒక సూత్రముగానే చెప్పినది. అయినను ఘోరనేరముల విషయమున 16–18 ఏండ్లవారిని పెద్దలవలె విచారించుటకు ఆ చట్టమే దారి తెరచినది. మాట మెత్తబడినంత మాత్రమున చేత మెత్తబడదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

ఇక 'అనాథ' శబ్దము. 1999లోను, 2001లోను హైదరాబాదునందు దత్తత సంస్థల వ్యవహారము బయల్పడినది. తండాలలోని పేద కుటుంబముల ఆడశిశువులు సొమ్మునకు చేతులు మారి విదేశీ దత్తతలకు సిద్ధపరుపబడిరని ఆరోపణలు వచ్చినవి. తల్లిదండ్రులు శిశువును సంస్థకు వదలివేయు పద్ధతిని రాష్ట్రప్రభుత్వము 2001లో నిషేధించినది. ఆ శిశువులకు తల్లులుండిరి; లేనిది సాకు స్తోమత. నాథుడున్న బిడ్డను అనాథయని పిలిచిన క్షణముననే ఆ బిడ్డకు ఇంటిదారి మూసికొనిపోవును. పేదరికమొక్కటే బిడ్డను వేరుచేయుటకు కారణము కారాదని 2009లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శకములు చెప్పినవి. 2015 చట్టమునందును, బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు పునరాలోచనకై రెండు నెలల గడువు కలదు. కుటుంబమునకు ధనసాహాయ్యము కలదు. సంస్థలో ఉంచుట చివరి ఉపాయమను సూత్రమును కలదు.

పేర్లు మార్చిన గోడలు కూలునా యని కొందరడుగవచ్చును. కూలవు. కాని అధికారి పత్రమున వ్రాయు మాటయే బిడ్డ ఏ గుమ్మమునకు పోవలెనో నిర్ణయించుచున్నది. 'అనాథ' అని వ్రాసినచో ఆశ్రమము. 'పేదతల్లి బిడ్డ' అని వ్రాసినచో ఆ తల్లికి సాహాయ్యము. చట్టములను తెనిగించువారును, వానిని బోధించువారును ఈ రెండు మాటల నడుమనున్న దూరమును గుర్తింపవలెనని మా మనవి.