సిగ్గు, నింద: క్రైస్తవ నైతిక చింతన, తెలుగు నేల అనుభవం

సిగ్గు, నింద క్రైస్తవ నైతిక వేదాంతంలో పక్కపక్కనే చర్చకు వచ్చే అంశాలు. తాను చేసిన తప్పు తెలిసి మనిషి లోలోపల కుంగడం సిగ్గు. ఎదుటివారు మాటతోనో చేతతోనో తలవంపులు తేవడం నింద. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకపోవడమే ఈ చింతన సాధించిన ముఖ్యమైన ఫలితం. దోషం ఉన్నచోట సిగ్గు మనిషిని దిద్దుతుంది. దోషం లేనివాడి నెత్తిన సిగ్గును మోపితే మోపినవాడే దోషి అవుతాడు. గ్రంథాల్లో పుట్టిన ఈ సూత్రానికి గట్టి పరీక్ష ఒకటి 19వ శతాబ్దంలో ఒంగోలు సీమలోని మాదిగ పల్లెల్లో ఎదురైంది.

రోమన్ల కాలంలో సిలువ బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. చంపడంతో పాటు పదిమందిలో పరువు తీయడం దాని ఉద్దేశం. క్రీస్తు ఆ అవమానాన్ని లెక్కచేయలేదని హెబ్రీయులకు రాసిన పత్రిక చెబుతుంది. 410లో గోత్ తెగవారు రోమ్‌ను దోచినప్పుడు అత్యాచారానికి గురైన స్త్రీలను లోకం వేలెత్తి చూపితే, వేదాంతి అగస్టీన్ తన ‘దైవ నగరం’ గ్రంథంలో వారి పక్షాన నిలిచాడు: పవిత్రత మనసుకు సంబంధించినది, ఇతరుల దౌర్జన్యం దాన్ని చెరపలేదు అన్నాడు. పశ్చాత్తప్తుల పాపాల చిట్టాను సభలో చదివి వినిపించే ఆచారాన్ని 459లో పోపు మొదటి లియో నిషేధించాడు. పాపాలు బయటపడతాయన్న భయంతో జనం పశ్చాత్తాపానికే దూరమవుతారన్నది ఆయన వాదన. 13వ శతాబ్దంలో వేదాంతి థామస్ అక్వినాస్ సిగ్గును మెచ్చదగిన భావమన్నాడే గాని సంపూర్ణ సద్గుణంగా లెక్కించలేదు. ఎదుటివారి గౌరవాన్ని తీయాలనే ఉద్దేశంతో చేసే దూషణను మాత్రం ఘోరపాపాల్లో చేర్చాడు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవెరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. తోలుపని చేసే యర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగలు సువార్త వైపు కదిలారు. వాళ్లను చేర్చుకుంటే తాము రామని పెద్దకులాలవారు తేల్చి చెప్పారు. అప్పుడు క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం తగిలిందని క్లౌ జ్ఞాపకాలు చెబుతున్నాయి: జ్ఞానులను సిగ్గుపరచడానికి దేవుడు లోకం తీసిపారేసినవారిని ఎన్నుకున్నాడనే కొరింథీయుల పత్రికలోని మాట. క్లౌ మాదిగలను వదులుకోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కరువుకాలంలో కూటికోసం మతం మారారన్న నింద వెంటనే మొదలైంది. కానీ 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. సహాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. అంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది: చచ్చిన గొడ్డు తినొద్దు, జాతరలో డప్పు కొట్టొద్దు అన్న సంఘ నియమాలు మాదిగలకు తమ బతుకు మీదే సిగ్గు నేర్పలేదా? ఇందులో సగం నిజముంది. ఊరు బలవంతాన చేయించే వెట్టికి ఎదురు తిరగడం విముక్తే; ఆ వెట్టితో పాటు డప్పునూ దోషిని చేయడం పొరపాటు. 1994లో అదే ఒంగోలు ప్రాంతంలో, ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా ఉద్యమం డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తిపట్టి ఆ పొరపాటును సరిదిద్దింది.

చర్చిలోనూ కులం పోలేదు కదా అన్నది చివరి ఆక్షేపణ. నిజమే. కేథలిక్ సంఘంలో దళిత వర్గం నుంచి తొలి కార్డినల్‌గా హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ నియమితుడైంది 2022లోనే. అయితే ఈ వైఫల్యం సూత్రాన్ని కొట్టివేయదు. ఏ కొలతతో సంఘాన్ని నిలదీయాలో ఆ సూత్రమే చూపుతుంది. 1941లో ‘గబ్బిలం’ కావ్యం రాసిన కవి గుర్రం జాషువా చేసిందీ అదే. గుడిలోకి గబ్బిలానికి ఉన్న ప్రవేశం అరుంధతీయుడికి లేదని చూపి, సిగ్గుపడాల్సింది ఎవరో సమాజానికి చెప్పాడు. దోషం లేని సిగ్గుకు కులం ఒక్కటే కారణం కాదు. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్‌కు చదువుతూ, ప్రిలిమ్స్ పోయిందని ఇంటికి ఫోన్ చేయడానికి ముఖం చెల్లని తెలుగు విద్యార్థిదీ ఆ కోవలోని బాధే. పరీక్ష తప్పడం పాపం కాదు. తప్పినవారిని చులకన చేయడమే తప్పు. తల దించుకున్న ప్రతిచోటా ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దోషం ఎవరిది?