సత్యభామ జడ

ఆ పుల్లలు కాస్త లోపలికి తొయ్యండ్రా, పొగంతా నా మొహానికే వస్తోంది. ఏమ్మా అమ్మడూ, హైదరాబాదులో కూచిపూడి నేర్చుకుంటున్నావటగా? నేర్పేది ఆడమనిషేనా? మా చిన్నప్పుడు ఆ మాటంటే నవ్విపోయేవాళ్లు. కూచిపూడిలో సత్యభామా మగాడే, ఆవిడ చెలికత్తె మాధవీ మగాడే.

కోతలూ నూర్పులూ అయ్యి ధాన్యం గాదెల్లో పడ్డాక మన ఊరికి కూచిపూడి మేళం వచ్చేది. బండి మీద రెండు మూడు పెట్టెలు దిగేవి. ఒకదాంట్లో చీరలు, ఇంకోదాంట్లో నగలు. నగలంటే బంగారం అనుకునేరు! తేలిక చెక్కతో చెక్కి, అద్దంముక్కలూ మెరుగుకాగితమూ అంటించినవి. రాత్రంతా ఎగరాలి గదా, బరువైతే ఎట్లా? నేనెరిగేసరికి పెట్రోమాక్సు లైట్లు వచ్చేశాయి గానీ మా తాత కాలంలో కాగడాలే. పాత్ర వచ్చే సమయానికి కాగడా మీద గుగ్గిలం పొడి విసిరితే భగ్గున మంట లేచేదట. ఆ వెలుగులో వేషం మొహం ఒక్కసారిగా కనపడేసరికి పిల్లలు జడుసుకునేవాళ్లట.

భామాకలాపం ఆడే రాత్రయితే మేం పొద్దుగూకకముందే రామాలయం ముందు చాపలు పరుచుకునేవాళ్లం. ఇద్దరు చెరో కొసా పట్టుకుని తెర నిలబెడతారు. సత్యభామ తెర వెనకే ఉంటుంది, మనకి కనపడదు. ముందు ఆమె జడ వస్తుంది. తెర మీదుగా ఇవతలికి వేస్తారు. నాగుపడగ, సూర్యుడు, చంద్రుడు, అన్నీ ఉండేవి ఆ జడ మీద. అందం కోసం వేశారనుకునేవు, కాదు. అది పందెం. సభలో ఎవడైనా సరే ఆటలోగానీ శాస్త్రంలోగానీ మమ్మల్ని ఓడించాడా, ఈ జడ కోసుకుపోవచ్చు అని. కోసుకుపోయినవాణ్ణి నేనైతే చూళ్లేదు. ఒకసారి ఓ బడిపంతులు లేచి నాయికల మీద ఏదో ప్రశ్న వేశాడు. సూత్రధారుడు తాళాలు పక్కన పెట్టి చెప్పడం మొదలెట్టాడు, శ్లోకం మీద శ్లోకం. పంతులు ఎప్పుడు కూర్చున్నాడో తెలీదు, మేం మాత్రం నిద్రపోయాం. మళ్లీ మద్దెల మోగితే లేచాం.

వేదాంతం సత్యనారాయణ శర్మ గారిని సత్యభామగా చూసి ఉండాల్సింది మీరు! 1961లో ఢిల్లీ సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ వచ్చినాయన. మా పిన్ని అయితే, అలక ఎలా నటించాలో ఆయన్ని చూసే నేర్చుకున్నానే అనేది. మా బాబాయి పాపం!

గోలకొండ తానీషా ఓ రాత్రి కూచిపూడి వాళ్ల ఆట చూసి ఆ ఊరిని అగ్రహారంగా రాసిచ్చాడని చెప్పుకుంటారు. అది కథ అనుకున్నా, 1763లో ఇళ్లూ పొలాలూ పంచుకున్న పత్రం ఒకటుంది. అందులో భాగవతుల, వేదాంతం, వెంపటి, పసుమర్తి, మహంకాళి అంటూ ఇంటిపేర్లున్నాయి. విద్య ఆ ఇళ్లలోనే ఉండేది. అరుగు మీద తండ్రి కొడుక్కి, మావయ్య మేనల్లుడికి నేర్పేవాళ్లు. భామాకలాపం రాసిన సిద్ధేంద్ర యోగికిచ్చిన మాట ప్రకారం ఆ ఇళ్లలో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జన్మలో ఒక్కసారన్నా సత్యభామ వేషం కట్టాలి. జీతమా, పాడా! ఊళ్లు తిరిగితే బస్తా ధాన్యం, ఓ పంచె. వానలు పడితే ఇంటికి.

అట్లాంటి ఊరికి సినిమా తగులుకుంది. వేదాంతం రాఘవయ్య గారు మద్రాసు వెళ్లి డైరెక్టరయ్యారు, మన నాగేశ్వర్రావు ‘దేవదాసు’ తీసింది ఆయనే. పసుమర్తి కృష్ణమూర్తి గారు ‘మాయాబజార్‌’కి నాట్యం కూర్చారు. వెంపటి వాళ్లూ అటే. వాళ్లని తప్పు పట్టనురా. ఇంటి నిండా పిల్లల్ని పెట్టుకుని బస్తా ధాన్యంతో ఎన్నాళ్లు ఆడతాడు మనిషి? కానీ అరుగుల మీద చెప్పేవాడు లేకుండా పోతున్నాడు.

అప్పుడు ఏలూరు ప్లీడరు బందా కనకలింగేశ్వరరావు గారు పూనుకున్నారు. ఆయనా నటుడే, బాహుకుడి వేషంలో పెట్టింది పేరు. ఊళ్లో చింతా కృష్ణమూర్తి గారి లాంటి గురువులు కలిసొచ్చారు. అట్లా వెలిసింది సిద్ధేంద్ర కళాక్షేత్రం. లాభం కోసం పెట్టింది కాదు, టిక్కెట్టు కొట్టే హాలూ కాదు. గురువు ఊళ్లోనే ఉండి నాలుగు మెతుకులు తింటూ పాఠం చెప్పుకునేందుకు ఒక చోటు. ఆ రోజుల్లోనే, 1958లో, ఢిల్లీలో నాట్య సదస్సు జరిగింది. విస్సా అప్పారావు గారు మన కూచిపూడి మీద పత్రం చదివితే, ఇది శాస్త్రీయమా కాదా అని అక్కడ పెద్దలు సందేహపడ్డారు. జడ వేసి పిలిచినవాళ్లని పట్టుకుని అడిగే ప్రశ్నేనా అది?

బడి పెట్టాక ఇంటిపేరు అడగడం తగ్గింది. బయటి పిల్లలొచ్చారు, ఆడపిల్లలొచ్చారు. దానికి దారి వేసింది వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు. ఆయన అంతకుముందే ఆడవాళ్లకి నేర్పి మాటలు పడ్డారు. మా నాన్న కూడా సణిగాడు, ‘సత్యభామని ఆడది కడితే ఇంకేం వింత?’ అని. ఆ సణుగుడే గెలిస్తే ఇవాళ అమ్మడి కాళ్లకి గజ్జెలుండేవి కావు.

తరవాత ఆ బడి తెలుగు విశ్వవిద్యాలయం చేతికి వెళ్లి సిద్ధేంద్రయోగి కళాపీఠం అయింది. డిప్లొమాలవీ ఇస్తున్నారు. సంతోషమే. నాకు మింగుడుపడంది ఇంకోటుంది. అప్పుడు మన ఊళ్లో కలుపు తీసే ఆడకూతురికి కూడా భామాకలాపంలో ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఊరుకోవాలో తెలుసు. పాట తప్పితే వెనక వరసలోంచే అందించేవాళ్లు. ఆడేవాళ్ల కోసం బడి పెట్టారు గానీ, చూసేవాళ్లు చెదిరిపోతుంటే ఎవరికీ పట్టలేదు. రాత్రంతా ఆడే ఆట గంటన్నరకి కుదించారంటే తప్పు వాళ్లదా, మనదా?

సరే అమ్మడూ, కనుమ వెళ్లాక కూచిపూడి తీసుకెళ్తా. పామర్రు దగ్గర చల్లపల్లి రోడ్డెక్కితే ఎంతోసేపు పట్టదు. ముందు రామలింగేశ్వరస్వామికీ, బాలాత్రిపురసుందరికీ దణ్ణం పెట్టుకుని, తరవాత కళాపీఠం చూద్దాం. ఎవరైనా మేళం కట్టి కలాపం ఆడుతుంటే మాత్రం పూర్తయ్యేదాకా కూర్చోవాలి. తొమ్మిదింటికల్లా కారు తిప్పుతానంటే చెప్పమను మీ నాన్నని, నేను బస్సులో వెళ్తాను.