బండి పట్టా నుంచి ఫ్లైవీల్ రింగు దాకా

టైరు అనగానే మనకి రబ్బరే గుర్తొస్తుంది. కానీ ఇంగ్లీషులో ఆ మాట పుట్టేనాటికి రబ్బరు చక్రాలు లేవు. కొయ్య చక్రానికి చుట్టూ తొడిగే ఇనుప కట్టుకి అది పేరు. మన పల్లెల్లో దాన్నే పట్టా అన్నారు.

కృష్ణా డెల్టా చరిత్ర ఎవరు రాసినా 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్టతో మొదలుపెడతారు. నీళ్ళొచ్చాయి, మాగాణి పెరిగింది, ధాన్యం పండింది, నిజమే. మరి ఆ ధాన్యాన్ని కళ్ళం నుంచి ఇంటికీ, కాలవ రేవుకీ, మిల్లుకీ చేర్చిందెవరు? ఎడ్లబండి. వానాకాలం నల్లరేగడిలో కూరుకుపోయే ఆ బండి చక్రం విడిపోకుండా పట్టి ఉంచింది పట్టా. ఆ పట్టా వేసిన కమ్మరికి మాత్రం ఈ చరిత్రలో రెండు వాక్యాలు కూడా దక్కలేదు.

ఆ పనిలో ఉన్న లెక్క చిన్నది కాదు. ఐదడుగుల చక్రం చుట్టుకొలత దాదాపు 15 అడుగుల 8 అంగుళాలు. పట్టాని అంతకంటే కాస్త పొట్టిగా చేస్తారు. మామూలుగా అయితే అది చక్రానికి ఎక్కదు. నేల మీద పరిచి, చుట్టూ పిడకలు పేర్చి కాలుస్తారు. ఎర్రబడేసరికి అది అంగుళంన్నర దాకా సాగుతుంది. ఇద్దరు ముగ్గురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీదికి దించుతారు, సమ్మెటతో కూర్చోబెడతారు, చెక్క అంటుకునేలోపు నీళ్ళు గుమ్మరిస్తారు. ఇనుము ముడుచుకుంటూ ఆకుల్ని, అంచు చెక్కల్ని లోపలికి బిగిస్తుంది. ఈ బిగింపుకి మేకులతో పనిలేదు. అయితే పట్టా మరీ పొట్టిదైతే ఆకులు వంగిపోతాయి, పొడుగైతే నాలుగు రోజుల్లో ఊడొస్తుంది. ఎంత తగ్గించాలన్నది కమ్మరి చేతికే తెలుసు.

ఎండాకాలం చెక్క ఎండి కుదించుకుపోతే పట్టా వదులయ్యేది. అప్పుడు చక్రాన్ని చెరువులోనో కాలవలోనో నానేసేవాళ్ళు. చెక్క ఉబ్బి మళ్ళీ బిగిసేది. అదీ చాలకపోతే పట్టా కోసి, పొట్టిచేసి, అతికి మళ్ళీ కొలిమి పని.

ఇది మనకొక్కరికే తెలిసిన విద్య కాదు. ఐరోపాలో కెల్టులు క్రీస్తు పూర్వమే రథాలకి ఇలా ఒకే ముక్క ఇనుప కట్టు వేశారు. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన తయారైంది. దాని మీద నడిచిన ఆవిరి ఇంజన్ల చక్రాలకీ ఇదే పద్ధతి. ఉక్కు టైరుని వేడి చేసి చక్రానికి తొడిగేవాళ్ళు. కింద ఎడ్లబండీ పైన రైలింజనూ ఒకే సూత్రం మీద నడిచాయన్నమాట.

తర్వాత రబ్బరు టైరు బండ్లొచ్చాయి, లారీలొచ్చాయి, ట్రాక్టర్లొచ్చాయి. 1960లలో బెజవాడ అంచున ఆటోనగర్ వెలిసింది. లారీ బాడీ కట్టాలన్నా బండి చక్రానికి లాగే వడ్రంగీ ఇనుప పనివాడూ పక్కపక్కన ఉండాల్సిందే. పట్టా పోయింది గానీ, కాల్చి తొడిగే పని పోలేదు. ఫ్లైవీల్‌కి ఉండే పళ్ళ రింగు అరిగిపోతే కొత్తదాన్ని వేడి చేసే ఎక్కించాలి. 300 మిల్లీమీటర్ల రింగు 200 డిగ్రీల వేడి పెరిగితే ముప్పావు మిల్లీమీటరు దాకా వ్యాకోచిస్తుంది. ఆ కొంచెమే చాలు. ఇక్కడ ఎర్రగా కాల్చకూడదు. శుభ్రం చేసిన ఉక్కు 220 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగుకి వస్తుంది, 300 దగ్గర నీలం తిరుగుతుంది. నీలం వచ్చిందంటే పళ్ళ గట్టిదనం తగ్గినట్టే. థర్మామీటరు లేని చోట మెకానిక్ కన్నే కొలత.

బేరింగు ఇంకా సున్నితం. 120 డిగ్రీలు దాటనివ్వకూడదు, నేరుగా మంట తగలనివ్వకూడదు. అందుకే నూనెలో కాచి తీస్తారు. గిన్నె అడుగుకి తగలకుండా తీగకి వేలాడదీస్తారు. ఇంట్లో గ్యాసు పొయ్యి మీద ఈ పని చేసేవాళ్ళూ ఉన్నారు. నూనె పొగలొస్తే అంటుకుంటుంది, చుక్క నీళ్ళు పడితే చిమ్ముతుంది. లోపలికెళ్ళే ఇరుసుని ముందు ఫ్రిజ్‌లో పెడితే అంత వేడి అవసరం రాదు. బయటిది సాగుతుంది, లోపలిది ముడుచుకుంటుంది. తొడిగేటప్పుడు మాత్రం తడబడటానికి టైముండదు. సగంలో పట్టేసిందంటే ఇక కదలదు.

ఇంజనీరింగ్ కాలేజీలో దీన్ని ష్రింక్ ఫిట్ అంటారు. పిల్లలు అది బయటి నుంచి వచ్చిన చదువనే అనుకుంటారు. తాతల కాలంలో ఊరి మధ్య, పిడకల మంట చుట్టూ, పదిమంది చూస్తుండగా జరిగిన పని అదేనని ఎవరూ చెప్పరు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చాక, రైతు నోట్లో మాటలకి కూడా గౌరవం ఉందని తెలుగు పండితులకి తెలిసొచ్చింది. ఆటోనగర్ మాటల్ని అంత శ్రద్ధగా ఏరేవాళ్ళు ఇంకా రావాలి. రంగు చూసి వేడి చెప్పగల పాత మేస్త్రీలు ఇప్పుడూ ఉన్నారు. షెడ్లలోకి ఇండక్షన్ హీటర్లు వచ్చేస్తున్నాయి. వాటి తెర మీద డిగ్రీలు అంకెల్లో కనిపిస్తాయి కాబట్టి రంగు చూసే అవసరం కొత్త కుర్రాళ్ళకి ఉండదు. అడగాల్సినవి ఈ మేస్త్రీలని ఇప్పుడే అడిగి రాసుకోవాలి.