యుకతాన్ మాయా శిథిలాల యాత్రలు

మెక్సికో ఆగ్నేయ కొసన ఉన్న యుకతాన్ ద్వీపకల్పంలో మాయా శిథిలాలనూ స్పానిష్ వలసకాలపు పట్టణాలనూ గైడు వెంట ఉండి చూపించే యాత్రలు ఒక వ్యాపారంగా 1920లలో రూపుకట్టాయి. అంతకుముందే అక్కడికి జనాన్ని రప్పించినవి పుస్తకాలు. అమెరికన్ యాత్రికుడు జాన్ లాయిడ్ స్టీఫెన్స్ 1841, 1843లలో వెలువరించిన యాత్రా గ్రంథాలూ, వాటికి ఫ్రెడరిక్ కాథర్‌వుడ్ గీసిన బొమ్మలూ చదువరులను ఊరించాయి. 1894లో అమెరికన్ కాన్సుల్ ఎడ్వర్డ్ థాంప్సన్ మాయా శిథిల నగరం చిచెన్ ఇట్సా ఉన్న ఎస్టేటునే కొనేశాడు. శిథిలాలు చూడవచ్చినవారంతా కొన్నేళ్లపాటు ఆయన గడప తొక్కినవారే.

అసలు చిక్కు దారిది. కాబట్టి ఈ యాత్రల చరిత్రలో పురావస్తు శాస్త్రవేత్తల కన్నా రోడ్లు వేసినవారికే పెద్దపీట వేయాలి. రచయిత, ఫొటోగ్రాఫర్ ఫ్రాన్సిస్కో గోమెస్ రూల్ బృందం యుకతాన్ గవర్నర్ ఫెలిపె కరీయో ప్యుయెర్తో వెంటపడి రోడ్డు అడిగింది. 1923లో చిచెన్ ఇట్సా రోడ్డు తెరిచారు. మరుసటి ఏడు జనవరిలో తిరుగుబాటుదారులు ఆ గవర్నరును కాల్చి చంపారు.

గోమెస్ రూల్ అల్లుడు ఫెర్నాందో బర్బచానో పెయోన్ ప్రోగ్రెసో రేవులో ఓడ దిగే ప్రయాణికులను పట్టుకుని, వారం రోజులు ఉండి వచ్చే ఓడకు వెళ్లమని ఒప్పించేవాడు. మొదటి ఏడాది ఏడుగురే ఆయన మాట విన్నారని చెబుతారు. అయినా వెనక్కి తగ్గక, థాంప్సన్ దగ్గర 5 ఎకరాలు కొని, 1930లో శిథిలాల పక్కనే మాయాలాండ్ హోటల్ తెరిచాడు. 1944లో ఎస్టేటు మొత్తం ఆయన చేతికొచ్చింది. కట్టడాలు జాతి సొత్తే అయినా వాటి కింది నేల ప్రైవేటుది. ఈ వింత 2010లో యుకతాన్ రాష్ట్రం ఆ భూమిని కొనేదాకా సాగింది.

వలసకాలపు పట్టణాలను ఈ యాత్రల్లో కలపడం అతుకుల బొంత కాదు. 1542లో స్పెయిన్‌వారు తిహో అనే మాయా నగరం మీదే మెరిదాను కట్టారు. కూల్చిన గుళ్ల రాళ్లు కేథడ్రల్ గోడల్లోకి ఎక్కాయి. ఇసమాల్‌లో ఫ్రాన్సిస్కన్ల మఠం మాయా వేదిక మీదే నిలబడింది. ఆ మఠ నిర్మాణంతో ముడిపడిన దియెగో దె లాందాయే 1562లో మనీ పట్టణంలో మాయా గ్రంథాలను తగలబెట్టించాడు. మాయాల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం మళ్లీ ఆయన రాతల నుంచే రావడం విడ్డూరం. కిత్తనార ఎగుమతితో గడించిన ఎస్టేటు భవంతులు కూడా యాత్రల జాబితాలోకి చేరాయి.

1970లలో కాన్‌కూన్ బీచి నగరంగా ఎదిగాక పద్ధతి మారింది. ఓడల ప్రయాణికులు వారం ఉంటే, కాన్‌కూన్ నుంచి బస్సుల్లో వచ్చేవారు పొద్దున బయలుదేరి రాత్రికి తిరిగి వెళతారు. ఆ హడావుడిలో గైడు చిచెన్ ఇట్సాలోని ఎల్ కాస్తీయో పిరమిడ్ ముందు చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వినిపిస్తాడు, 365 మెట్ల లెక్క చెబుతాడు. మెరిదా, ఉష్మల్ శిథిలాలు చాలామందికి దక్కవు. చిచెన్ ఇట్సాకు 1988లో యునెస్కో గుర్తింపు, 2007లో కొత్త ఏడు వింతల్లో చోటు వచ్చాక రద్దీ ఇంకా పెరిగింది. ఒక సందర్శకురాలు జారిపడి చనిపోయాక 2006లో పిరమిడ్ ఎక్కడం ఆపేశారు. 2023 డిసెంబరులో మొదలైన మాయా రైలు కాన్‌కూన్, చిచెన్ ఇట్సా, ఇసమాల్, మెరిదాలను ఒకే దారిన కలిపింది.