ఆడంబరం
'పెళ్లి ఆడంబరంగా జరిగింది' అని మెచ్చుకోలుగా రాస్తుంటారు. అక్కడ 'వైభవంగా' అనడం సబబు. సంస్కృతంలో ఆడంబరం ఒక రకం భేరి. దాన్ని మోగించేవాడికి శుక్ల యజుర్వేదంలో 'ఆడంబరాఘాత' అని పేరు. భేరీనాదం నుంచి ఏనుగు ఘీంకారానికి, మేఘగర్జనకు, చివరికి అట్టహాసానికి అర్థం విస్తరించింది. తెలుగులో తత్సమంగా చేరి, పైపటారం అనే ఎత్తిపొడుపుతో స్థిరపడింది. ఆర్భాటానికీ కేక, చప్పుడు అనే అర్థాలున్నాయి. డాబు, దర్పం దగ్గరి మాటలు, నిరాడంబరం వ్యతిరేకం. ఆడంబరంతో హోదా చాటుకునే ఖర్చును అమెరికా ఆర్థికవేత్త థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లో విశ్లేషించాడు: పైవర్గం కొన్నవాటిని కిందివర్గాలు అనుకరిస్తాయి. కలవాడు మిగులుతో కొనే వడ్డాణం, కారు పేదవాడింట అప్పుగా మారతాయి. ఆ అప్పుపై వడ్డీ మళ్లీ డబ్బున్నవారికే చేరి, అంతరాన్ని పెంచుతుంది.