శ్రీహరికోట ఎప్పుడు ఖాళీగా ఉండింది?

రాకెట్ లేచిన ప్రతిసారీ ఎవరో ఒకరు రాస్తారు, 1969లో రాకెట్ కేంద్రానికి స్థలం వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు మనిషి జాడలేని దీవి దొరికిందని. దీవి పక్కనే ఉన్న సూళ్లూరుపేటలో పుట్టినవాళ్లం ఈ మాట ఎట్లా ఒప్పుకుంటాం?

తూర్పున సముద్రం ఉంది, తూర్పుముఖంగా ప్రయోగిస్తే భూభ్రమణం కలిసొస్తుంది. రాకెట్ ప్రయోగ కేంద్రం షార్ ఇక్కడికి రావడానికి ఈ కారణాలు చాలు. జనం పలచగా ఉండిన మాటా నిజమే. పలచగా ఉండడం వేరు, లేకపోవడం వేరు.

మద్రాసు పట్నానికి వంటచెరుకు కోసం సర్కారు 1835లోనే ఈ దీవిని చేతికి తీసుకుంది. అప్పటికే అక్కడ యానాదులనే గిరిజనులున్నారు. తేనె, దుంపలు, మూలికలు ఎక్కడ దొరుకుతాయో వాళ్లకే తెలుసు. వాళ్లచేత అడవి సరుకు ఏరించి, బదులుగా ధాన్యం కొలిచేవాళ్లు. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ కులాల గ్రంథంలో ఈ సంగతులున్నాయి. కాకపోతే సర్కారు యానాదులను బాగుచేసిందన్న ధోరణి అందులో కనబడుతుంది. వాళ్ల తెలివి మీద ఆదాయం తీసినవాళ్లు, వాళ్లను ఉద్ధరించామని చెప్పుకోవడం నాకు మింగుడుపడదు.

ఇంకొందరు 'చెయ్యి తగలని అడవి' అంటారు. అదీ సగమే నిజం. ఇక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు పొయ్యిల్లోకి పోయినవే. సరుగుడు, నీలగిరి చెట్లు మనుషులు నాటినవే. షార్ కంచె పడ్డాకే గొడ్డలి ఆగింది, దేవాంగపిల్లి తిరిగే పాత అడవి నిలబడింది. ఆ మేలు కాదనను. కానీ అదే కంచెలోపల అడవిపట్టిన ఆవుల మందలున్నాయి. దీవి వదిలిపోయిన జనం విడిచిన పశువుల సంతతి అది. ఖాళీ దీవిలో పెంపుడు పశువు ఎక్కడినుంచి వస్తుంది?

ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు మా సూళ్లూరుపేట అమ్మవారు చెంగాళమ్మకు మొక్కి పోతారు, అది మాకు గర్వమే. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ లేచిన నేల మాది. షార్ కోసం యానాదులను తరలించిన నేల కూడా అదే. 2022 ఏప్రిల్ 4 నుంచి మేం నెల్లూరు వదిలి తిరుపతి జిల్లాలో ఉన్నాం. తిరుమల కొండను దాటి చూపు పారని తిరుపతి చరిత్రకారులకు ఒక్కటే చెబుతున్నా: కొత్త జిల్లా చరిత్ర రాస్తే శ్రీహరికోట అధ్యాయాన్ని రాకెట్‌తో కాదు, యానాదులతో మొదలుపెట్టండి.