బతికుండగానే బడికి రాసిచ్చిన ఆస్తి

రాజమహేంద్రవరంలోని హితకారిణీ సమాజం 1906లో పుట్టింది. కందుకూరి వీరేశలింగం తన యావదాస్తినీ ఈ సమాజానికి ఇచ్చేశారు. పండితుడిగా తెచ్చుకున్న జీతం, పుస్తకాల మీద వచ్చిన రాబడి కూడబెట్టి చేసుకున్న ఆస్తి అది. జమీందారీ సొమ్ము కాదు.

ఆయన 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించారు. వెలి భయంతో వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ మానేస్తే, భార్య రాజ్యలక్ష్మి తానే గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చి వండిపెట్టారు. ఇంతటి పని ఇద్దరు మనుషుల రెక్కల మీద నడిచింది. వారికి సంతానం లేదు. తమ తర్వాత ఈ బడిని, తాము నడిపే వితంతు శరణాలయాన్ని ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబుగా సమాజం ఏర్పడింది. సభ్యులు మారుతున్నా సమాజం పేరు మీది ఆస్తి చేతులు మారదు.

వీరేశలింగం ఆస్తిని వీలునామాకు వదలకుండా ముందే అప్పగించడమే ఇందులో అసలు విశేషం. రాజ్యలక్ష్మి 1910లో, ఆయన 1919 మే 27న కన్నుమూశారు. ఆస్తి ఇచ్చాక పన్నెండేళ్ళకు పైగా ఆ సంస్థ నడక ఆయన కళ్ళారా చూశారు. తప్పులుంటే దిద్దడానికి దాత బతికి ఉన్నాడు. ఇంతకు మించిన భద్రత ఏ దస్తావేజూ ఇవ్వలేదు.

వీలునామా అనే రెండో దారికి ఉదాహరణ కాకినాడలో ఉంది. రంగూన్‌లో సంపద గడించిన మల్లాడి సత్యలింగ నాయకర్ వీలునామా ద్వారా ధర్మకార్యాలకు ఆస్తి వదిలి 1915లో మరణించారు. జగన్నాథపురంలో ఆయన పేరిట విద్యాసంస్థలు ఆ ధర్మం మీదే వెలిశాయి.

చట్టం దృష్టిలో ఈ రెండూ వేరు. భూమిగాని, ఇల్లుగాని దానమిస్తే పత్రం రిజిస్టరు కావాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, దాత జీవించి ఉండగానే పుచ్చుకునేవారు అంగీకరించాలి. వీలునామాకూ ఇద్దరు సాక్షులు ఉండాల్సిందే గాని రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవారు చనిపోయేదాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఉమ్మడి ఆస్తిలోనైతే తన వాటా మేరకే రాయగలరు. ‘మా ఊరి బడికి’ అని రాసి ఊరుకుంటే చిక్కులొస్తాయి. బడిని నడిపే సొసైటీ లేదా ట్రస్టు రిజిస్టరైన పేరే పత్రంలో ఉండాలి. డెల్టాలో మరో జాగ్రత్త కూడా అవసరం: తూర్పు పంట బోదె, దక్షిణం ఫలానావారి చేను అంటూ రాసే చెక్కుబందీతో పాటు సర్వే నంబరు, విస్తీర్ణం ఉండాలి. బోదె పూడిపోతుంది, పక్క చేను అమ్ముడవుతుంది. నంబరు రికార్డులో మిగులుతుంది.

హితకారిణీ సమాజం, నాయకర్ ధర్మసంస్థ రెండూ తర్వాత దేవాదాయ శాఖ కిందికి వచ్చాయి. 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం ఇలాంటి సంస్థల స్థిరాస్తి అమ్మాలంటే ముందస్తు అనుమతి, బహిరంగ వేలం ఉండాలి. దాత ఉద్దేశానికి కంచె అదే. ఆ కంచె నిలవాలంటే అసలు పత్రం, పటం, కౌలు లెక్కలు బీరువాలో భద్రంగా ఉండాలి.

వీరేశలింగం సంపాదన మీద పుట్టిన సమాజం ఆయన గ్రంథాలను సంపుటాలుగా అచ్చువేసింది. ఆయన పేరిట ఉన్నత పాఠశాల, కళాశాల నడిపింది. నీళ్ళు మోసి తెచ్చిన రాజ్యలక్ష్మి పేరు రాజమహేంద్రవరంలోని మహిళా కళాశాలకు ఉంది.